రెండు పిల్లులు, నాలుగు చెవులు, రెండు నెలలు

జీడి మా ఇంటికి వచ్చింది బాహుడా నాడు. పర్లాకిమిడిలో జగన్నాథుడి రథం వెనక్కి తిరిగి వచ్చే ఆ రోజు జనం ఒకటే తోపులాట. ఆ కాళ్ల మధ్య దొరికిందని మా అబ్బాయి చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. రెండు నెలల పిల్ల ఉంటుందేమో, వేయించిన జీడిపప్పు రంగు. పేరు దానంతట అదే వచ్చేసింది. అప్పటికే మా ఇంట్లో బుడ్డి ఉంది, మూడేళ్ల ఆడపిల్లి. నాలుగు రోజులు బుస్సుమంది, అయిదో రోజు జీడి తల నాకింది. ఆ తర్వాత రెండూ నా కుట్టుమిషను కింద, కత్తిరింపు ముక్కలు వేసుకునే సంచిలో ఒకదాని మీద ఒకటి పడుకునేవి. అలా చెవులు ఆనించి పడుకున్న వాటిని చూసి నేను ఎంత మురిసిపోయానో.

నేను రాత్రిళ్లు కూడా బ్లౌజులు కుడతాను. మిషను ఆపినప్పుడల్లా కింద నుంచి ఒక చప్పుడు వినిపించేది. వెనక కాలి గోళ్లతో చెవి వెనక గరగరా గీక్కోవడం, ఆ వెంటనే తల టపటపా విదిలించడం. పిల్లన్నాక గోక్కోదా అనుకున్నాను. పది రోజులు గడిచేసరికి జీడి చెవి వెనక బొచ్చు రాలిపోయి, రూపాయి బిళ్లంత మేర ఎర్రగా తేలింది. టార్చి వేసి చెవిలోకి చూస్తే, టీ వడకట్టాక జల్లెట్లో మిగిలే పొడి లేదూ, అచ్చం అలాంటిది నల్లగా, తడిగా నిండిపోయి ఉంది. వాసన కూడా వచ్చింది.

మట్టి అనుకున్నాను. మనం చెవులు తుడుచుకునే పుల్ల దూది పట్టుకుని లోపలికంటా తిప్పాను. పిల్లి చెవి లోపలి దారి తిన్నగా ఉండదని, ముందు కిందికి దిగి ఆ తర్వాత లోపలికి మలుపు తిరుగుతుందని, పుల్ల పెడితే ఆ మడ్డి అంతా మలుపు దగ్గరికి కూరుకుపోతుందని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం పుల్లకి అంటిన నలుపు చూసి, శుభ్రం చేశానన్న తృప్తితో పడుకున్నాను.

మా అత్తమ్మ చెవిపోటుకి వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె వాడే మనిషి. మా అబ్బాయిని ఆ నూనెతోనే పెంచింది. "ఏటే, పిల్లికి మాత్రం చెవి కాదా?" అంది. గోరువెచ్చగా రెండు చుక్కలు వేశాం. నిజం చెప్పాలంటే రెండు రోజులు జీడి హాయిగా పడుకుంది. మూడో రోజు నుంచి మళ్లీ మొదలు, ఈసారి రక్తం వచ్చేదాకా. డాక్టరు గారు తర్వాత చెప్పినదాన్ని బట్టి, ఏ నూనె అయినా మడ్డిని మెత్తబరుస్తుంది, పైపై పురుగులు కొన్ని ఊపిరాడక చచ్చిపోతాయి, అందుకే ఆ రెండు రోజుల ఊరట. గుడ్లు మాత్రం అలాగే ఉంటాయి. పైగా వెల్లుల్లి పిల్లి రక్తానికి చేటు. చెవిలో వేసింది కాలితో తుడుచుకుని, ఆ కాలిని నాకుతుంది కదా. కర్పూరం కలిపిన నూనె ఇంకా ప్రమాదం. ఆ మాట విన్నాక అత్తమ్మ ఆ సీసాని పిల్లులకి అందని అటక మీద పెట్టేసింది, ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఆసుపత్రికి వెళ్లేలోపు ఇంకో తప్పు జరగబోయింది. పశువుల మందులు అమ్మే ఒక దుకాణంలో అడిగితే, మెడ మీద వేసే చుక్కల మందు ఇచ్చారు. డబ్బా మీద కుక్క బొమ్మ ఉంది. "పిల్లికైతే సగం వెయ్యండి" అన్నారు. మా అబ్బాయి డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివి, "అమ్మా, పిల్లులకి వాడకూడదని రాసుంది" అన్నాడు. అందులో ఉన్నది పెర్మెత్రిన్. కుక్క ఒంట్లో అది విరిగిపోతుంది గానీ పిల్లి కాలేయానికి దాన్ని విరగ్గొట్టే శక్తి చాలా తక్కువ. వణుకు, ఫిట్స్, చివరికి ప్రాణం పోవడం దాకా వస్తుందట. కిలో కూడా సరిగ్గా లేని పిల్ల అది. ఆ రోజు వాడు చదవకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

మర్నాడే మా ఊరి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆవులు, మేకల మధ్య చీర కొంగులో పిల్లిపిల్లని పట్టుకుని నిలబడ్డాను. డాక్టరు గారు ఒడియా ఆయన. మా ఊళ్లో అందరిలాగే రెండు భాషలూ కలిపి మాట్లాడతారు. 1936లో ఈ ఊరు ఒడిశాలోకి వెళ్లింది గానీ మా వీధి నోట్లోంచి తెలుగు పోలేదు, ఒడియా కూడా వచ్చి దాని పక్కన కూర్చుంది. ఆయన జీడి చెవి మడతని బొటనవేలితో మెల్లగా రుద్దారు. వెంటనే దాని వెనక కాలు గాలిలో గోక్కోవడం మొదలుపెట్టింది, మీట నొక్కినట్టు. "కానరే పోక. చెవిలో పురుగులమ్మా" అన్నారు. ఆ తర్వాత చిన్న దీపం ఉన్న గొట్టంతో లోపలికి చూశారు. ముందు చెవి పొర చిరగలేదు కదా అని చూస్తారట. పొర చిరిగి ఉంటే కొన్ని రకాల చుక్కలు లోపలి చెవిదాకా వెళ్లి, పిల్లి తల ఒక పక్కకి వాలిపోయి, నడక కూడా తప్పుతుంది.

కాస్త మడ్డి తీసి, గాజుపలక మీద ఒక చుక్క నూనె వేసి, అందులో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టారు. "చూస్తారా?" అని అడిగారు. నేను చూశాను. తెల్లగా, కాస్త గాజులా మెరిసే గుండ్రటి ఒళ్లు, చుట్టూ కాళ్లు. ఒకటి నూనెలో ఈదలేక కాళ్లు అటూ ఇటూ ఆడిస్తోంది. పక్కన పొడుగాటి గుడ్డు ఒకటి. అరమిల్లీమీటరు కూడా ఉండని ఈ జీవి పేరు ఓటోడెక్టెస్ సైనోటిస్. "మిరప చేలో తెల్లనల్లి పడుతుంది చూడండి, దానికి దూరపు చుట్టం" అన్నారు. మా నాన్నది మిరప చేను. ఆ మాటతో నాకు సగం అర్థమైపోయింది. తెల్లనల్లి ఒక్క మొక్కతో ఆగదు.

ఇది చర్మంలోకి తొలుచుకుపోదట. చెవి లోపల చర్మం మీదే తిరుగుతూ, పొట్టునీ తేమనీ తిని బతుకుతుంది. దాని వల్ల చెవి ఒరిసి, గుబిలి ఎక్కువ ఊరి, పురుగుల మలంతో, ఎండిన రక్తంతో కలిసి ఆ టీ పొడిలా తయారవుతుంది. గుడ్డు పొదగడానికి నాలుగు రోజులు, అక్కడి నుంచి పెద్ద పురుగై మళ్లీ గుడ్లు పెట్టే స్థితికి రావడానికి, మొత్తం మీద మూడు వారాలు. చాలా మందులు పురుగునే చంపుతాయి గానీ గుడ్డుని చంపలేవు. అందుకే చుక్కల మందు రాసి, 21 రోజులు ఆపకూడదని ఒకటికి రెండుసార్లు చెప్పారు. సీసా మీద అతికించిన ఒడియా చీటీని మా అబ్బాయి చదివి పెట్టాడు, దినకు దుయ్ థర, రోజుకి రెండుసార్లు.

ఆయన ఇంకో మాట అడిగారు. "ఇంట్లో ఇంకేమున్నాయి? కుక్కా, పిల్లా?" బుడ్డి ఉందని చెప్పాను. "దాన్నీ తీసుకురండి" అన్నారు. అది అసలు గోక్కోవడం లేదు సార్ అన్నాను. "గోక్కోకపోయినా తీసుకురండి" అన్నారు.

నేను తీసుకెళ్లలేదు. బుడ్డిని పట్టుకోవడం కష్టం, చేతులు చీరేస్తుంది. దానికి ఏమీ లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పెద్ద పిల్లుల్లో కొన్నింటికి చెవి నిండా పురుగులున్నా దురద పైకి కనిపించదట. అది నాకు ఆ రోజు తెలియదు. తెలియకపోయినా చెప్పిన మనిషి ఉన్నారు కదా, వినాల్సింది. జీడి మందు కూడా తొమ్మిదో రోజున ఆపేశాను. చెవి శుభ్రంగా కనిపిస్తోంది, గోకడం లేదు, పెళ్లిళ్ల బట్టలు నెత్తి మీద ఉన్నాయి. ఈ రెండూ నా తప్పులే.

సరిగ్గా మూడు వారాలు తిరిగేసరికి మిషను కింద ఆ చప్పుడు మళ్లీ వినిపించింది. ఈసారి రెండు పిల్లుల నుంచీ. ఒకరోజు పొద్దున్న బుడ్డి వంటింట్లోకి వచ్చింది. దాని ఎడమ చెవి నూనెలో వేసిన పూరీలా పొంగి ఉంది. ముట్టుకుంటే వేడిగా, లోపల నీళ్ల సంచిలా మెత్తగా తగిలింది. తల విదిలించి విదిలించి చెవి డొప్పలో రక్తనాళం చిట్లి, చర్మానికీ లోపలి మెత్తటి ఎముకకీ మధ్య రక్తం చేరిందన్నమాట. మా ఆయన చూసి, "తేలు కుట్టిందా ఏటి?" అన్నారు. నేను చెవి లోపల చూశాను. నల్లటి టీ పొడి.

శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు డాక్టరమ్మ ఆపరేషన్ అవసరమని ఫోన్లోనే చెప్పేసరికి ఆవిడ దగ్గరికి బయల్దేరాం. పళ్ల దుకాణంలో రెండు ప్లాస్టిక్ బుట్టలు అడిగి తెచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, పురికొసతో కట్టి, అందులో బుడ్డిని కూర్చోబెట్టాం. జీడి మా అబ్బాయి ఒళ్లో. పాతపట్నం దాకా ఆటో, అక్కడి నుంచి బస్సు. మత్తు ఇవ్వాలి కాబట్టి రాత్రి నుంచి బుడ్డికి తిండి పెట్టొద్దన్నారు. దారి పొడుగునా అది అరుస్తూనే ఉంది. పక్క సీటు పెద్దావిడ, "పిల్లికి కూడా ఇంత దూరమా అమ్మా" అని అడిగి, చెవి చూడగానే "అయ్యో తల్లీ" అని తన సంచిలోంచి తడిగుడ్డ తీసి బుట్ట మీద కప్పింది. చీకటి పడ్డట్టయి అది నెమ్మదించింది. ఆ చిట్కా ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

డాక్టరమ్మ చెవి డొప్ప లోపలి వైపు చిన్న గాటు పెట్టి రక్తం తీసేశారట. కుట్లు వేసిన తీరు చూసి నాకు ఆశ్చర్యం వేసింది. గాటుని మూసే కుట్టు కాదది. చెవి డొప్ప మొత్తం మీద ఇటు నుంచి అటు దారం దూర్చి, వరసలు వరసలుగా పొట్టి కుట్లు. అచ్చం బొంత కుట్టినట్టు. బొంతలో పొరలు జరగకుండా ఎలా వేస్తామో అలాగే, చర్మం ఎముక నుంచి విడిపోయి మళ్లీ రక్తం చేరకుండా. నేను కుట్టు పనిదాన్నని చెబితే ఆవిడ, "అయితే మీకు నేను వివరించక్కర్లేదు" అని నవ్వారు. అలా వదిలేస్తే ఏమయ్యేదని అడిగాను. రక్తం దానంతటదే ఇంకిపోతుంది, కానీ చెవి ముడుచుకుని ఎండిన ఆకులా అయిపోతుంది, లోపలి దారి కూడా ఇరుకవుతుందని చెప్పారు.

పురుగులకి ఈసారి చుక్కలు కాదు. సెలామెక్టిన్ అనే మందు, మెడ వెనక వేసేది. రెండున్నర కిలోల లోపు పిల్లులకి 15 మిల్లీగ్రాముల గొట్టం, ఆ పైన ఏడున్నర కిలోల వరకూ 45 మిల్లీగ్రాములది. అందుకే ముందు తక్కెడ మీద కూర్చోబెట్టారు. జీడి కిలో దాటింది, బుడ్డి మూడు కిలోలు. తల కింద, మెడ మీద, నాలుక అందని చోట బొచ్చుని పాపిట తీసినట్టు తీసి, చర్మం కనిపించాక అక్కడ పిండాలి. బొచ్చు మీద పోస్తే వృథా. అది చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లి చెవిదాకా పని చేస్తుంది. తోక దగ్గరో మెడ మీదో తిరుగుతున్న పురుగుల్ని కూడా పడుతుంది. చెవి పురుగులు చెవిలోనే ఉంటాయని లేదు, పిల్లి ముడుచుకుని పడుకున్నప్పుడు తోక చెవి దగ్గరికే వస్తుంది కదా.

మా వీధిలో మేకలకి సూదులు వేసే ఒకాయన పురుగుల్ని చంపే ఐవర్‌మెక్టిన్ సూది తనే వేస్తానన్న సంగతి కూడా ఆవిడని అడిగాను. పిల్లులకీ వాడతాం, కానీ లెక్క చూడండి అన్నారు. పశువుల సీసాలో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు ఉంటుంది, యాభై కిలోల జంతువుకి ఒక మిల్లీలీటరు. ఆ లెక్కన కిలో పిల్లికి 0.02 మిల్లీలీటరు. ఒక చుక్కలో సగం కూడా కాదు. పెద్ద సిరంజితో అంత కొలవడం ఎవరి తరమూ కాదు, చెయ్యి కాస్త జారితే పది రెట్లు వెళ్లిపోతుంది. మర్నాడు ఆయనకి ఇదే చెప్పాను. ఆయన కూడా తల ఊపారు.

ఇంటి దగ్గర చెవులు కడిగే పని నాది. జీడివి రెండు, కుట్లు లేని వైపు బుడ్డిది ఒకటి. ఇది మాటల్లో చెప్పినంత తేలిక కాదు, నాకు నాలుగోసారికి గానీ చేతికి రాలేదు. తువ్వాలుతో మెడ దాకా చుట్టి, కాళ్లు లోపల ఉండిపోయేలా ఒళ్లో పెట్టుకోవాలి. మందునీళ్ల సీసాని ముందు అరచేతుల మధ్య కాసేపు ఉంచాలి, చల్లటిది పోస్తే ఎగిరిపడతాయి. చెవి నిండేదాకా పోసి, చెవి మొదట్లో గొట్టంలా గట్టిగా తగిలే చోట రెండు వేళ్లతో మర్దన చెయ్యాలి. సరిగ్గా పట్టుకుంటే లోపల పచక్ పచక్ మని వినిపిస్తుంది. అరనిమిషం అలా చేసి వదిలెయ్యాలి. పిల్లి తల విదిలిస్తుంది, మడ్డి అంతా అదే పైకి తెస్తుంది, గోడ మీదా నా చీర మీదా. పైకి వచ్చినంత వరకే దూదితో తుడవాలి. పుల్ల లోపలికి పెట్టకూడదు. మొదటి రోజు దూది నల్లగా వచ్చింది, వారానికి గోధుమరంగుకి దిగింది, పన్నెండో రోజున తెల్లగానే వచ్చింది. ఆ తెల్లటి దూదిని అత్తమ్మకి చూపించాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని మరీ చూసింది.

బుడ్డి చెవి గోక్కోకుండా కట్టిన, గంట ఆకారపు ప్లాస్టిక్ మెడపట్టీతో ఇంకో బాధ. గిన్నెలో మూతి పెట్టలేక రోజంతా తిండి మానేసింది. ఆ రాత్రి నేను పాత చీర ముక్క మడతల మధ్య బక్రం వేసి, అంచుల్లో స్పాంజి పెట్టి, మెత్తటి కాలరు ఒకటి కుట్టాను. వెడల్పు మాత్రం వెనక కాలు చెవికి అందకుండా డాక్టరమ్మ చెప్పిన కొలతే ఉంచాను. అది పెట్టుకుని బుడ్డి తింది. కుట్లు విప్పేదాకా అదే.

పేలికల సంచి సంగతి ఆలోచిస్తే ఒళ్లు జలదరించింది. ఈ పురుగులు పిల్లి ఒంటి మీద లేకపోయినా కొన్ని రోజులు బతకగలవు. ముక్కలన్నీ వేడినీళ్లలో ఉడకబెట్టాను, కానీ శ్రావణం ముసురులో ఎండ ఏదీ? సగం ఆరినవాటిని పాలిథిన్ సంచిలో మూతి కట్టి, నెల దాటేదాకా విప్పలేదు. మనుషులకి పడతాయా అని మా ఆయన అడిగారు. చాలా అరుదట. ఈ మాట మీద మా అబ్బాయి ఫోన్లో చూసి ఒక విషయం చదివాడు. అమెరికాలో రాబర్ట్ లోపెజ్ అనే పశువైద్యుడు పిల్లి చెవిలో పురుగుల్ని తీసి కావాలనే తన చెవిలో వేసుకున్నారట, ఒకసారి కాదు, మూడుసార్లు. లోపల గీకుతున్న చప్పుడు, కదులుతున్న చప్పుడు వినిపించాయని, దురదకి రాత్రిళ్లు నిద్ర లేదని ఆయన 1993లో రాశారు. మరుసటేడు దానికి ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. నవ్వించే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మిషను కింద జీడి తల విదిలించిన ఆ రాత్రులన్నీ గుర్తొచ్చాయి. బయటికి నాకు గరగర వినిపించింది, దాని చెవి లోపల ఎంత మోత ఉండి ఉంటుందో ఆ మనిషి విని చెప్పారు.

నెల తిరిగాక రెండింటికీ రెండో మోతాదు వేయించి, అదే రోజు మైక్రోస్కోపు కింద నాలుగు చెవులూ విడివిడిగా చూశారు. ఏమీ కదల్లేదు. గుడ్లు కూడా లేవు. బుడ్డి ఎడమ చెవి చివర మాత్రం కాస్త ముడత మిగిలింది, ఇస్త్రీకి లొంగని ముడత. అటువైపు ముట్టుకుంటే ఇప్పటికీ తల పక్కకి తీసుకుంటుంది.

వచ్చేటప్పుడు డాక్టరమ్మ అడిగారు, ఇంటికి బయటి పిల్లులేమైనా వస్తాయా అని. ఈసారి నేను ఆలోచించే జవాబు చెప్పాను. గోడ మీద నుంచి ఒక గండుపిల్లి వస్తుంది, నల్లమచ్చలది, బుడ్డి గిన్నెలో మిగిలింది తినిపోతుంది. దాని చెవి వెనక కూడా బొచ్చు లేదని అప్పుడు గుర్తొచ్చింది. రెండు జాకెట్లు కుట్టిన కూలి పెట్టి ఇంకో గొట్టం కొన్నాను, 45 మిల్లీగ్రాములది. ఇంటికొచ్చాక అయిదు రోజులు, రోజూ ఒకే వేళకి, గోడ పక్కన ఎండు నెత్తళ్లు వేస్తూ దగ్గరగా కూర్చోవడం అలవాటు చేశాను. ఆరో రోజు అది తల వంచి తింటుండగా మెడ మీద బొచ్చు పాపిట తీసి మందు పిండేశాను. ఒక్కసారి చెవులు వెనక్కి వేసి నా వైపు చూసి, మళ్లీ నెత్తళ్లలో మూతి పెట్టింది. తేదీ గోడ క్యాలెండరు మీద రాసి ఉంచాను, రెండో మోతాదు వచ్చే నెల అదే తారీఖున.